ఉప్పు చూసే చెయ్యి

మొన్న ఆదివారం మా కోడలు డబ్బా అడుగున మిగిలిన సన్నబియ్యాన్నీ, దోసెలకని తెచ్చిన దొడ్డుబియ్యాన్నీ కలిపి కుక్కర్లో పడేసింది. మూత తీసేసరికి సన్నవి చితికి ముద్దయిపోయాయి, దొడ్డువి పంటి కింద పలుకు పలుకుగా తగిలాయి. "అయ్యో, పారేసి మళ్ళీ పెడతానత్తయ్యా" అంది పాపం. నేను వద్దన్నాను. పులుసు పోసుకుని కలిపి, తినకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. నా కంచంలోకి ఒక చెయ్యి రావాలి. వచ్చి ఒక మెతుకు తీసుకుని, ఉప్పు చూసి, తిను బిడ్డా అనాలి. ఆ చెయ్యి మట్టిలో కలిసి చాలా ఏళ్ళయింది.

ఆవిడ గురించే ఇది. పేరు మాత్రం రాయను. పేరు రాస్తే చదివేవాళ్ళు ముందు ఆవిడ ఏ వైపు మనిషో లెక్క వేస్తారు. మా వాళ్ళకు ఆ జబ్బు ఉంది. ఆవిడ చివరిదాకా తప్పించుకోవాలని చూసింది ఆ లెక్కనే.

మాదాపూర్ దగ్గర గుండ్రటి అద్దాల మేడ ఇంకా సగంలో ఉన్న రోజులు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి బోరబండలో కిరాయికి దిగాం. మా ఆయనది గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మొదటి ఆదివారం మందిరం వెతుక్కుంటూ వెళితే, బండల మధ్య ఒక చిన్న రాతి కట్టడం కనిపించింది. రాళ్ళు కొట్టి బతికే స్థానికులు తాము కొట్టిన రాళ్ళతోనే కట్టుకున్న మందిరం అది. తర్వాత మాలాంటి వాళ్ళం, కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్ళం, ఒక్కొక్కళ్ళమే వచ్చి చేరాం. ముందు బెంచీలు మావి అయ్యాయి, వెనక చాపలు వాళ్ళవి అయ్యాయి. ఎవరూ కూర్చోబెట్టలేదు. అలా కుదురుకున్నాయంతే.

ఆరాధన అయ్యాక మావాళ్ళు చుట్టూ మూగి, ఏ ఊరండీ, ఏం ఉద్యోగమండీ అని అడిగి, చివరికి అసలు ప్రశ్నకు వచ్చారు: "ఇంటిపేరేంటండీ?" క్రీస్తునందు అందరం ఒక్కటేనని పాట పాడి, ఆ పాట గొంతులో ఆరకముందే అడిగే ప్రశ్న ఇది. ఇంటిపేరు చెబితే పల్లెలో మనం ఏ పేటవాళ్ళమో, ఎవరితో కంచం పొత్తు ఉందో, ఎవరితో లేదో అన్నీ తెలిసిపోతాయి. మా ఆయన నోరు తెరవబోయేంతలో ఒక పొట్టి ముసలమ్మ జనాన్ని మోచేత్తో తోసుకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. రాళ్ళు మోసిన చెయ్యి, గరుకుగా ఉంది.

"తిన్నవా బిడ్డా?"

"ఇంటికెళ్ళి తింటాం మామ్మగారూ" అన్నాను.

"మామ్మ ఏంది? అవ్వ అను. ఇంటికి వోతే ఎవ్వలు వండి వెట్టిన్రు? పా."

మందిరం వెనకే ఆవిడ ఇల్లు. రేకుల కప్పు కింద ఒక్కటే గది, దానికి రెండు తలుపులు. ఒకటి మందిరం వైపు, ఇంకొకటి బండల వైపు. చేతులకు నీళ్ళు తనే పోసింది. అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు పెట్టింది. నేను కలుపుకున్నాను. అప్పుడు వంగి నా కంచంలోంచి ఒక చిటికెడు తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసి చప్పరించి, "ఉప్పు సరిపోయింది. తిను బిడ్డా" అంది. తర్వాత మా ఆయన కంచంలోనూ అంతే. ఆయన ముఖం చూడాలి! ఎంగిలి విషయంలో వాళ్ళమ్మ పెంపకం అలాంటిది మరి. కానీ ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తోంది. కళ్ళు మూసుకుని మింగాడు. దారిలో "ఆవిడకేమన్నా పిచ్చా?" అన్నాడు. తర్వాతి ఆదివారం మాత్రం నాకంటే ముందు ఆ ఇంటి వైపు నడిచాడు.

వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చేసేది. పాస్టరుగారికైనా, పాలమూరు నుంచి మేడలు కట్టడానికొచ్చిన కూలీకైనా. కొందరు ముక్కు చిట్లించి లేచిపోయేవాళ్ళు. నేను ఒకసారి అడిగేశాను, కుండలో చూసుకుంటే పోదా అవ్వా, కంచంలో చెయ్యి పెట్టడం ఎందుకని. చింతపండు గింజలు తీస్తూ చెప్పింది.

"నా చిన్నగున్నప్పుడు దొరోళ్ళ ఇంటి కాడ బువ్వ పైకెల్లి ఏసేటోళ్ళు. మేం కొంగు వట్టాలె. ఆళ్ళ చెయ్యి మాకు తగలొద్దు గద. సగం కొంగుల వడేది, సగం మట్టిల వడేది. ఏసుప్రభువును నమ్ముకున్నంక నేను ఒక్కటే అనుకున్న. నా ఇంట్ల బువ్వ తినేటోని కంచంల నా చెయ్యి వడాలె. గది ఓర్సుకున్నోడు ఇగ నా ఇంటోడే. బాప్తిస్మం లెక్కనే, జర నీళ్ళు తక్కువ."

అని పకపకా నవ్వింది. అలా నవ్వేది ఆవిడ, పళ్ళు లేని చిగుళ్ళన్నీ కనబడేలా. పాటలు అందరికంటే ఒక చరణం వెనక పాడేది. ప్రసంగం మొదలైతే కళ్ళు తెరుచుకునే నిద్రపోయేది. భోజనం ముందు ప్రార్థన సాగదీస్తే ఊరుకునేది కాదు. "అయ్యగారూ, ఆమెన్ అనుండ్రి. పులుసు సల్లారుతుంది. దేవునికి ఇనబడ్డది" అనేది. పరలోకం ఎలా ఉంటుందో వర్ణించి వర్ణించి పాస్టరుగారు చెమటలు తుడుచుకుంటే, ఆవిడకు మాత్రం అది ఒక్క మాటలో తేలిపోయేది. పెద్ద బంతి. అందరూ ఒకే వరసలో కూర్చుని తినడం.

భర్త క్వారీలో బండ పేలినప్పుడు పోయాడు. మందిరం పక్కనున్న సమాధుల తోటలో ఆయన సమాధి ఉంది. దాని పక్కన ఒక మనిషి పట్టే జాగా వదిలి చుట్టూ చిన్న రాళ్ళు పేర్చుకుంది. సాయంత్రాలు అక్కడే కూర్చుని పప్పు ఏరుకునేది. "ఆయనకు గురక ఎక్కువ. అయినా ఈడనే పండుకుంట. ఇంకేడికి వోత?" అనేది.

మా సంఘాల్లో పిడికెడు బియ్యం ఆచారం ఒకటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేరు మీద పక్కన పెడుతుంది. ఆదివారం మందిరానికి తెచ్చి గుమ్మం పక్కనున్న రేకు డబ్బాలో పోస్తుంది. నెలకోసారి ఆ బియ్యంతోనే ప్రేమ విందు. రేషన్ బియ్యం తినేవాళ్ళు రేషన్ బియ్యం, సన్నాలు తినేవాళ్ళు సన్నాలు తెస్తారు. డబ్బాలో అన్నీ కలిసిపోతాయి. ఇక ఆ అన్నం ఎలా ఉంటుందో మా కోడలికి మొన్న తెలిసింది. మేం నెలనెలా తిన్నాం. అవ్వ ఎంత సేపు పొయ్యి మీది పెద్ద గంజు గిన్నె ముందు కూర్చున్నా సగం ముద్ద, సగం పలుకు. దానికి ఆవిడ దగ్గర మంత్రమేమీ లేదు. "గట్లనే ఉంటది, తినుండ్రి" అనేది.

మావాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. మా వైపు పెద్ద ఒకాయన ఉండేవాడు. మంచి ఉద్యోగం చేసి రిటైరైనవాడు, సంఘానికి సెక్రటరీ. ఆయనే కమిటీలో పెట్టించాడు, సన్నబియ్యానికి ఒక డబ్బా, దొడ్డుబియ్యానికి ఒక డబ్బా అని. "వంట సౌకర్యం కోసమేనండి, ఇందులో ఇంకేం లేదండి" అన్నాడు. ఇంకేం లేదని ఎవరైనా అంటే ఇంకేదో ఉందనే. తర్వాతి నెల రెండు గంజుల అన్నం ఉడికింది, రెండు బంతులు లేచాయి. ఆ మరుసటి నెల అవ్వ పొద్దున్నే వచ్చి రెండు డబ్బాలూ నేల మీద బోర్లించి చేత్తో కలిపేసింది.

సెక్రటరీ గారు మండిపడ్డాడు. "ఏంటండీ ఈ పని? కమిటీ తీర్మానం ఉందండి!"

"అయ్యా, ప్రభువు బల్ల కాడ ఒక్క రొట్టె ఇరుస్తరు గద. బువ్వ కాడ రెండెందుకయితయి?" అంది.

నిజానికి బియ్యం ఒక సాకు. బయట నేల ధర రోజుకో తీరుగా లేస్తోంది. రాతి మందిరం ఉన్న జాగా మీద అందరి కన్నూ పడింది. మావాళ్ళు అది అమ్మి కొండాపూర్‌లో పెద్దది కడదామన్నారు. మా తాతలు రాళ్ళు మోసి కట్టింది అమ్మడానికి మీరెవరన్నారు స్థానికులు. వాళ్ళ పెద్ద ఒక మేస్త్రి. మాట తక్కువ, కోపం ఎక్కువ. వచ్చే పాస్టరు ఎవరి మనిషై ఉండాలన్న దగ్గర అది రాజుకుంది. ఒక ఆదివారం ఒకే మందిరంలో రెండు పాటలు ఒకేసారి మొదలయ్యాయి. గొంతు పెంచి, ఇంకా పెంచి, చివరికి దేవుణ్ణి స్తుతిస్తూనే చొక్కాలు పట్టుకున్నారు. పోలీసులు వచ్చారు. కేసు పడింది. కాగితాలు చేతిలో ఉన్న మావాళ్ళకు మందిరం దక్కింది. రాళ్ళు మోసినవాళ్ళు బండల అవతల షామియానా వేసుకున్నారు. సమాధుల తోటకు తాళం పడింది. ఎవరి సభ్యులు పోతే ఆ వైపు పెద్ద చీటీ రాయాలి, అప్పుడే గేటు తీస్తారని స్టేషన్లో ఒప్పందం చేసుకున్నారు.

అవ్వ ఇల్లు సరిగ్గా మధ్యలో పడింది. ఒక తలుపు తీస్తే మావాళ్ళ పాట, ఇంకో తలుపు తీస్తే వాళ్ళ పాట. ఆవిడ రెండూ తీసే పెట్టేది.

జోలె భుజాన వేసుకుని పిడికెడు బియ్యం కోసం ఇల్లిల్లూ తిరగడం మానలేదు. ఆడవాళ్ళం రెండు వైపులా పోశాం, మగవాళ్ళకు చెప్పకుండా. అదంతా ఒకే డబ్బాలో కలిపి, నెల మొదటి ఆదివారం ఎప్పటిలాగే వండింది. ఒక గిన్నె మందిరంలోకి తీసుకెళ్ళింది. "వాళ్ళకి పెట్టాక మిగిలిందా అండి ఇది?" అని అడిగాడు సెక్రటరీ గారు. గిన్నె వెనక్కి తెచ్చుకుని షామియానాకు తీసుకెళ్ళింది. "ఆళ్ళు కాదన్నది మాకు తెచ్చినవా అవ్వా?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ అన్నం గంజు తన గడప మీద పెట్టుకుని కూర్చుంది. రెండు వైపులా ఆరాధన ముగిసింది, జనం రెండు దారుల్లో వెళ్ళిపోయారు. తల తిప్పి చూసినవాళ్ళూ ఉన్నారు, ఆగినవాళ్ళు లేరు. ఎండ ఎక్కాక పాలమూరు కూలీలు అటుగా పోతుంటే పిలిచింది. వాళ్ళు తిన్నారు. ప్రతి కంచంలోనూ ఉప్పు చూసింది. కానీ ఆ రోజు నవ్వలేదు.

మందిరం గుమ్మంలోంచి అంతా చూస్తున్న నేను అప్పుడు వచ్చి పక్కన కూర్చున్నాను. ఏదో ఊరట చెప్పాలని నోటికొచ్చిన వాక్యం ఎత్తాను. విందుకు పిలిచినవాళ్ళు రాకపోతే ఇంటి యజమాని వీధుల్లో ఉన్న బీదలను పిలిపించాడు కదా అవ్వా, నువ్వూ అదే చేశావు అన్నాను.

"వాక్యంల మంచిగనే ఉంటది బిడ్డా" అంది గంజు అడుగు గీకుతూ. "పిలిసినోళ్ళు రాకపోతే ఆ ఇంటాయన ఆ పొద్దు నిద్రవోయిండా లేదా, ఎవ్వలు రాయలే. తినేటోళ్ళు దొరుకుతరు. ఆకలికేం కరువు? నాకు రావాలన్నోళ్ళు రాలే."

అంతే, గడప మీద తల ఆనించి ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఆ మందిరం మీదా, ఆ షామియానా మీదా, రెండు పాటల మీదా పట్టరాని అసహ్యం వేసింది. ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఇద్దరు పెద్దలూ విడివిడిగా ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. నేను ఉండగానే వచ్చాడు సెక్రటరీ గారు. "ఎటో ఒకటి తేల్చుకోండి మామ్మగారూ. మా దాంట్లో ఉన్నానని వేలిముద్ర వేస్తే చాలండి. రేపు ఏదైనా అయితే మీ ఆయన పక్కనే పెట్టించే పూచీ నాదండి."

"తిన్నవా అయ్యా?" అని అడిగింది అవ్వ.

మేస్త్రి ఇంకోరోజు వచ్చాడు. "మనోళ్ళల్ల పుట్టినదానివి, నువ్వే గిట్ల జేస్తే ఎట్లనే? ఆళ్ళకు బువ్వ వెట్టుడు బంజెయ్యి. పేరు రాయించుకో. నీ జాగ నీకుంటది."

"తిన్నవా కొడుకా?"

ఇద్దరూ తినకుండానే వెళ్ళారు. నేను కోపం ఆపుకోలేక, ఎవరో ఒకళ్ళకు వేలిముద్ర వేసి పారెయ్యి అవ్వా, నీ జాగా నీకు దక్కుతుంది కదా అన్నాను.

"ఒక దిక్కు ఏలు వెడితే ఇంకో దిక్కోళ్ళు నా గడప తొక్కరు బిడ్డా. గా తలుపు మూసినట్టే. మా ఆయనంటవా, ఇన్నొద్దులు ఎదురు సూసిండు, ఇంకా సూస్తడు. ఆకలైనోడు సూస్తడా?"

గట్టిగానే అంది. కానీ సాయంత్రం గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడటం నా కంట పడింది. పప్పు చాట ఆవిడ కాళ్ళ దగ్గర కింద ఉంది.

వానాకాలంలో జ్వరం పట్టుకుంది. దవాఖానలో చూపించి తెచ్చాం, తగ్గలేదు. రెండు వైపుల ఆడవాళ్ళూ వచ్చేవాళ్ళు, తలా ఒక తలుపులోంచి. ఒకళ్ళు వస్తే ఇంకొకళ్ళు లేచిపోయేవాళ్ళు. నేను జావ కాచి తీసుకెళ్ళాను. గిన్నె నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేసింది. ఏం తోచక, ఆ గిన్నెలోంచే నేను ఒక గుక్క తాగాను. "ఉప్పు సరిపోయింది అవ్వా, తాగు" అన్నాను. కళ్ళు తెరిచింది. చిగుళ్ళు కనబడేలా నవ్వింది. కాస్త తాగింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది, మొదటి రోజు లాగే.

"గేటు తీస్తరా బిడ్డా?"

"తీస్తారు అవ్వా. తియ్యకేం చేస్తారు" అన్నాను.

తియ్యలేదు. ఆవిడ పోయిన పొద్దున పెట్టె తెచ్చి గేటు ముందు దించాం. రెండు వైపుల వాళ్ళూ వచ్చారు. ఏడ్చారు కూడా, ఆ మాట ఎందుకు దాచాలి. ఇద్దరు పెద్దలూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"మా సభ్యుల్లో ఆవిడ పేరు లేదండి. లేని మనిషికి చీటీ ఎలా రాస్తామండి?" అన్నాడు సెక్రటరీ గారు.

"మా కాడ గూడ లేదు. నేను రాసిస్తే రేపు కోర్టుల గదే వట్టుకుంటరు" అన్నాడు మేస్త్రి.

"మరి ఆవిడ అన్నం తిన్నవాళ్ళలో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయా లేవా?" అని అరిచాను నేను. మా ఆయన నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. ఎండలో పెట్టె మీద పూలు వాడిపోయాయి. ఊచల్లోంచి చూస్తే రాళ్ళు పేర్చిన ఆ జాగా కనబడుతూనే ఉంది. చివరికి బోరబండ అవతల ఊరందరి శ్మశానంలో ఒక మూల చోటు అడుక్కున్నాం. ఆవిడ గడప మీద తిన్న కూలీలే పలుగూ పారా తెచ్చి తవ్వారు. గుంటకు అటొక వరస, ఇటొక వరస నిలబడ్డారు రెండు వైపుల వాళ్ళూ. ఇద్దరు పాస్టర్లు, రెండు ప్రార్థనలు. ఆమెన్ అనుండ్రి అనేవాళ్ళు లేక ఎంతసేపు సాగాయో. మట్టి వేసి, చేతులు దులుపుకుని, ఎటు వచ్చినవాళ్ళు అటే వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ గది సర్దుదామని వెళితే ఇద్దరు పెద్దలూ ముందే వచ్చి ఉన్నారు. ఒకే గదిలో వాళ్ళిద్దరినీ చూడటం కేసు పడ్డాక అదే మొదటిసారి. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఎంత వెర్రిదాన్ని!

"సంఘం బియ్యం ఉండిపోయాయి కదండీ ఇక్కడ" అన్నాడు సెక్రటరీ గారు.

"మా ఆడోళ్ళు ఏసినయి గూడ ఉన్నయి" అన్నాడు మేస్త్రి.

నేను డబ్బా మూత తీశాను. దాదాపు నిండుగా ఉంది. సన్నం, దొడ్డు, రేషన్ బియ్యం, ఎవరింటివో ముక్కిపోయిన గింజలు, అన్నీ కలగలిసి ఉన్నాయి. ఇద్దరూ వంగి చూశారు.

"చాటలు ఇస్తాను, కూర్చోండి. ఎవరివి వాళ్ళు ఏరుకోండి" అన్నాను.

సిగ్గుపడతారనుకున్నాను. మేస్త్రి ఒక సోల వెతికి తెచ్చాడు. ఒక సోల ఈ సంచిలోకి, ఒక సోల ఆ సంచిలోకి. సోల తలగొట్టి సమంగా పోస్తున్నాడా లేదా అని సెక్రటరీ గారు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. సగం సగం పంచుకుని, ఒకాయన ఈ తలుపులోంచి, ఇంకొకాయన ఆ తలుపులోంచి వెళ్ళారు.

ఆదివారం రెండు చోట్లా విందు పెట్టారు, ఆవిడ జ్ఞాపకార్థమని. మందిరంలో మా బంతిలో సెక్రటరీ గారు రెండు ముద్దలు తిని, "ఏంటండీ ఈ అన్నం, సగం ఉడకలేదు" అన్నాడు. నేను లేచి, చెయ్యి కడుక్కోకుండానే, బండల అవతలికి నడిచాను. అక్కడ మేస్త్రి వడ్డించేవాళ్ళ మీద కేకలేస్తున్నాడు. "ఇదేం బువ్వనే, పలుకు పలుకున్నది!" ఆ గొంతు, ఈ గొంతు ఒకటే అనిపించింది నాకు. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఆయన కంచంలో చెయ్యి పెట్టి ఒక చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాను.

"అటు కూడా ఇలాగే ఉంది మేస్త్రీ. ఒకే డబ్బాలోవి కదా. ఉప్పు సరిపోయింది, తిను."

బంతి అంతా చేతులు ఆపి చూసింది. మేస్త్రి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఎంగిలి అనలేదు, కంచం తొయ్యలేదు. తిననూ లేదు. అలా ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు, నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ఆ రెండు చోట్లకూ నేను వెళ్ళలేదు. ఆ చుట్టూ మేడలు లేచాయి, ఆ రేకుల గది పోయింది, ఇద్దరు పెద్దలూ పోయారు. సమాధుల తోట మాత్రం కేసులో ఉండబట్టి ఎవరూ ముట్టుకోలేదట. ఈ మధ్య షామియానా వైపు మనిషి ఒకామె బజార్లో కనబడితే అడిగాను, అవ్వ భర్త పక్కన రాళ్ళు పేర్చిన జాగా ఎవరికైనా ఇచ్చారా అని. లేదంది. అది ఏ వైపుదో ఇంకా తేలలేదట.